అజీముద్దీన్‌కు నచ్చని మూడు కిట్లు

మంచిర్యాలలో అజీముద్దీన్‌కు నచ్చిన వస్తువు అప్పటికి ఒక్కటీ తయారు కాలేదు. వస్తువులను మెచ్చుకోకపోవడం చాలామందికి చేతనవుతుంది గానీ, అజీముద్దీన్ పద్ధతి వేరు. ఒక్కటే ఉంటే ఆయన నోరు విప్పడు. దాని పక్కన రెండోది తెచ్చి పెట్టాలి. అప్పుడు రెండింటినీ తిప్పి తిప్పి చూసి, మొదటిదాన్ని అడ్డం పెట్టి రెండోదాన్నీ, రెండోదాన్ని అడ్డం పెట్టి మొదటిదాన్నీ తిట్టి, రెండింటినీ పక్కకు నెట్టేస్తాడు.

ఒక వానకాలంలో గొడుగు కొందామని బజారుకు వెళ్లాడు. రెండు దుకాణాల గొడుగులు పక్కపక్కన విప్పి చూసి, ఒకదాని ఊచలు చీపురుపుల్లలనీ, ఇంకోదానిది దోమతెర గుడ్డ అనీ తేల్చి, తడుస్తూ ఇంటికి వచ్చాడు. భార్య ఖుద్సియా తువ్వాలు అందించింది. ఈ సంగతి ఆమే తర్వాత, ఆయన కింద పనిచేసే ప్రమోదినికి చెప్పింది.

"ఇరవై ఆరేండ్లాయె బిడ్డా," అన్నది ఖుద్సియా, "నన్ను గూడ ఇంకా పసంద్ చేసిన్నని అనలే."

ప్రమోదిని ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి, 1991లో జైపాల్‌రావు కార్ఖానాలో చేరింది. స్టేషన్ వెనక రేకుల షెడ్డులో వ్యవసాయ మోటార్ల స్టార్టర్లు తయారుచేసే చిన్న కార్ఖానా అది. అజీముద్దీన్ ఆమె పై అధికారి. బొగ్గుగనుల టెలిఫోన్లు పద్దెనిమిదేండ్లు బాగుచేసి, ఆ తర్వాత పుస్తకాలు తెప్పించుకుని మైక్రోకంట్రోలర్ చిప్పుల పని తనంతట తానే నేర్చుకున్నాడు. ఆ పుస్తకాలను కూడా జతలు జతలుగానే తెప్పించుకున్నాడు. రాసినవాళ్లెవరికీ రాయడం రాదని ఆయన అభిప్రాయం.

ఆ ఏడు జైపాల్‌రావుకు ఒక ఆలోచన వచ్చింది. మోటారుకు మూడు తీగల కరెంటు వస్తుంది. అందులో ఒకటి పోయిందంటే రైతు చూసుకునేలోపల మోటారు కాలిపోతుంది. ఒక తీగ పోగానే మోటారును ఆపేసే చిన్న పెట్టె చేస్తే? లోపల ఒక మైక్రోకంట్రోలర్ చిప్పు, దానికి ఏం చేయాలో చెప్పే ప్రోగ్రాం ఉంటే చాలు. ఖానాపూర్ రైతుల సంఘం, పెట్టె పనిచేస్తే రెండు వందలు తీసుకుంటామన్నది.

ప్రోగ్రాం రాసే పని ప్రమోదినికి వచ్చింది. కార్ఖానాలో సరైన పరికరాలేవీ లేవు. కాగితం మీద రాసి, ఒక్కో ఆదేశానికీ పట్టికలో అంకె వెతికి, ఆ అంకెలను ఒక్కొక్కటిగా చిప్పులోకి ఎక్కించాలి. నెల రోజులు కష్టపడి రాసి తీసుకెళ్తే అజీముద్దీన్ కళ్లద్దాలు సవరించుకుని చదివాడు.

"గిది ప్రోగ్రామా, పెండ్లి సామాన్ల చిట్టీనా?" అన్నాడు. "చెప్పిందే మల్ల చెప్పినవ్. చిప్పు చెవిటిది గాదు."

ఆమె మళ్లీ రాసింది. ఆయన పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పరిచి, ఏది ఎక్కువ సిగ్గుచేటో తేల్చుకోలేకపోతున్నానన్నాడు. అలా ఏడుసార్లు. రాసిన ప్రతిసారీ ప్రోగ్రాం చిన్నదవుతూ వచ్చింది. ప్రమోదిని మనసూ అంతే. ఏడోసారి ఆయన ఏమీ అనలేదు. కాగితాలు సొరుగులో పెట్టి, చాయ్ చల్లారిందని హోటల్ వాణ్ని తిట్టడానికి బయటికి వెళ్లాడు. తిట్టడానికి కూడా పనికిరాలేదనుకుని ఆమె బాధపడింది.

ఇంతలో, ఇలా చేతితో రాస్తూ కూర్చుంటే రెండు వందల పెట్టెలు ఎప్పటికవుతాయని జైపాల్‌రావుకు తొందర పట్టుకుంది. ప్రోగ్రాంలు తయారుచేసే కిట్టు ఒకటి కొంటానన్నాడు. హైదరాబాద్ నుంచి ముగ్గురు వచ్చి మూడు కిట్లు చూపిస్తారు, పోల్చి చూసి పదిహేను రోజులలో రిపోర్టు రాసివ్వమని అజీముద్దీన్‌కు చెప్పాడు. పోల్చమని ఒకరు పనిగట్టుకుని అడగడం ఆయన జీవితంలో అదే మొదలు. మరునాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

మొదట వచ్చింది నీలం కిట్టు. ఒక పలక, దాని మీద మీటలు, ఎర్రటి అంకెలు. తెచ్చినతను నలభై నిమిషాలు మీటలు నొక్కి ప్రోగ్రాం ఎక్కించి, చెమట తుడుచుకుని, ఇక చూడండన్నాడు. అజీముద్దీన్ లేచి వెళ్లి ప్లగ్గు పీకేశాడు. మళ్లీ పెట్టాడు. ఎర్ర అంకెలు వెలిగాయి. ఎక్కించినదంతా మాయమైపోయింది.

"అట్ల తీయొద్దు సార్," అన్నాడు అతను.

"నేను తీయకున్నా అదే పోతది," అన్నాడు అజీముద్దీన్. "ఈడ దినాం నాలుగుసార్లు పోతది. కరెంటు పోతే అన్నీ మరిచిపోయే దానికి, కరెంటు పోతే ఏం చెయ్యాల్నో నేర్పిచ్చే పని ఇస్తమా?"

రెండోది ఫ్లాపీ కిట్టు. కంప్యూటర్‌లో ఫ్లాపీ వేసి, అంకెలకు బదులు మాటలతో ప్రోగ్రాం రాస్తే అదే అంకెలుగా మార్చుతుంది. పని మంచిదే. దానితో వచ్చిన పుస్తకంలో మాత్రం పన్నెండో పేజీ తర్వాత ముప్పై ఒకటో పేజీ ఉంది, అదీ తలకిందులుగా. తప్పు రాస్తే "తప్పు ఉన్నది" అంటుంది తప్ప ఎక్కడో చెప్పదు. అజీముద్దీన్ కావాలని పదకొండు తప్పులు రాసి చూశాడు. పదకొండుసార్లూ అదే మాట. ఇంట్లో ఏదో పోయిందని చెప్పి ఏం పోయిందో చెప్పని కాపలావాడని దానికి పేరు పెట్టాడు.

మూడోది తోలుపెట్టెలో వచ్చింది. దాన్ని తెచ్చిన విద్యాసాగర్‌రావు టై కట్టుకున్నాడు. దీనిలో సి అనే కంప్యూటర్ భాషలో రాస్తే చాలు, మిగతాదంతా కిట్టే చూసుకుంటుందన్నాడు. అంతటితో ఆగలేదు. కిట్టుతో పాటు తమ ఇంజినీరు రెండేండ్లు ఇక్కడే ఉండి పనిచేస్తాడు కాబట్టి, చేతితో రాసేవాళ్ల అవసరం ఉండదన్నాడు. చేతితో రాసే మనిషి ఎదురుగా చాయ్ గ్లాసులు సర్దుతున్నదని అతనికి తెలియదు. జైపాల్‌రావు ముఖం వెలిగింది. ప్రమోదిని ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి, ఇంకో కొలువు చూసుకోవాలేమోనని తల్లికి చెప్పింది.

రిపోర్టు నలభై రెండు పేజీలు వచ్చింది. టైపు చేయమని అజీముద్దీన్ దాన్ని ప్రమోదిని బల్ల మీదే పెట్టాడు. తన ఉద్యోగం ఊడే కాగితం తనే టైపు చేసుకోవలసి వచ్చిందనుకుంటూ ఆమె మొదలుపెట్టింది. నీలం కిట్టు మీద తొమ్మిది పేజీలు. ఫ్లాపీ కిట్టు మీద పదమూడు, అందులో రెండు తలకిందుల పేజీ గురించే. తోలుపెట్టెకు పద్దెనిమిది పేజీలు. తోలు మంచిదని ఒక వాక్యం, మిగతాదంతా లోపలి సంగతి. టైపు చేస్తూ చేస్తూ బాధ మరిచిపోయి ఆమె రెండుసార్లు నవ్వింది కూడా.

చివరి రెండు పేజీల్లో ఒక పట్టిక ఉంది. మోటారు ఆపే ప్రోగ్రాం చిప్పులో ఎంత జాగా తీసుకుంటుందో చూసే లెక్క అది. చిప్పులో ఉన్నదే రెండు వేల నలభై ఎనిమిది బైట్లు. మూడు కిట్లకు మూడు వరసలు చాలు. పట్టికలో నాలుగు ఉన్నాయి.

తోలుపెట్టె: మూడు వేల నాలుగు వందల బైట్లు. విద్యాసాగర్‌రావు కంపెనీ ఇంజినీరు స్వయంగా రాశాడు. చిప్పులో పట్టదు. దీనికోసం ప్రతి పెట్టెలో ఇంకో చిప్పు పెట్టి, ఆ చిప్పును తలుచుకుని జీవితాంతం బాధపడాలి.

నాలుగో వరస పేరు: ప్రమోదిని, చేతితో. పదకొండు వందల బైట్లు. ఎదురుగా అజీముద్దీన్ అభిప్రాయం రాసే గడిలో ఒక్క మాటే ఉంది. "పనిచేస్తుంది."

ప్రమోదినికి ఆ మాట టైపు చేయడానికి చాలాసేపు పట్టింది. ఏడోసారి రాసిన కాగితాలను ఆయన సొరుగులో మరిచిపోలేదని, మూడు కిట్లనూ వాటి పక్కన పెట్టి తూచాడని అప్పుడు అర్థమైంది. పట్టిక కింద ఇంకో నాలుగు వాక్యాలు ఉన్నాయి. ఫ్లాపీ కిట్టు కూడా పనికిమాలినదే గానీ, పట్టికలో అంకెలు వెతికే గొడ్డుచాకిరి ఆ పిల్లకు తప్పిస్తుంది. కాబట్టి అది కొనాలి. హైదరాబాద్ ఇంజినీరు రావాలనుకుంటే రావచ్చు. ఆమె దగ్గర నేర్చుకోవచ్చు.

జైపాల్‌రావు రిపోర్టును చివరి నుంచి చదివే మనిషి కావడం అందరికీ మేలయింది. ఫ్లాపీ కిట్టు వచ్చింది. ప్రమోదిని ధైర్యం చేసి అజీముద్దీన్ దగ్గరికి వెళ్లి, పట్టిక చూశానని చెప్పింది.

"చూసినవా?" అన్నాడాయన తల ఎత్తకుండా. "టైపుల ఆరు తప్పులున్నయి. మల్ల చూడు."

భాద్రపదంలో ఖానాపూర్ దగ్గర లస్మవ్వ అనే రైతు బావి మీద మొదటి పెట్టె బిగించారు. వాన మొఖం చాటేసింది, మక్కజొన్న చేను ఆ మోటారు మీదే బతుకుతున్నది. మూడో రోజు ఒక తీగ కరెంటు నిజంగానే పోయింది. పక్క బావిలో మోటారు కాలిన వాసన వచ్చింది. లస్మవ్వ మోటారు టక్కున ఆగి, చల్లగా కూర్చుంది. కబురు అంది ప్రమోదినీ అజీముద్దీనూ బస్సెక్కి వెళ్లేసరికి, లస్మవ్వ ఆ పెట్టెకు పసుపు రాసి, బొట్టు పెట్టి ఉంచింది.

"మీ పెట్టె మంచిగున్నది సారూ," అన్నది లస్మవ్వ.

"నాది గాదవ్వా. గీ బిడ్డది," అన్నాడు అజీముద్దీన్. ఇంకేదో అనబోయి, పక్కన పెట్టి పోల్చడానికి ఏదీ కనబడక ఆగిపోయాడు. ప్రమోదిని పసుపు ఎలా రాశారో చూసే నెపంతో పెట్టె వైపు తిరిగింది.

లస్మవ్వ కాల్చిన మక్కకంకులు ఒక సంచినిండా అజీముద్దీన్ చేతికిచ్చి పంపింది. తిరుగు బస్సులో ఆయన ఆ సంచిని తెచ్చి ప్రమోదిని ఒళ్లో పెట్టాడు.

"గింజ ముదిరింది. మా ఇంట్ల ఎవ్వరు తినరు. మీ అవ్వకు, బాపుకు తీస్కపో," అన్నాడు.

సరేనని ఆమె సంచి మూతి కట్టింది. ఆయన గడ్డానికి రెండు మక్క గింజలు అంటుకుని ఉన్నాయి. ప్రమోదిని వాటి సంగతి మంచిర్యాల వచ్చేదాకా చెప్పలేదు.