టిష్యూ ప్యాకెట్ గ్యాంగ్‌స్టర్

నాకు ధైర్యం నేర్పింది ఒక గ్యాంగ్‌స్టా ర్యాప్ ఆల్బమ్ అని మా అమ్మాయికి చిన్నప్పటి నుంచీ కోతలు కోస్తూ వచ్చాను. ఇంజనీరింగ్ హాస్టల్లో, గీతలు పడ్డ సీడీలో విన్నాను దాన్ని. తుపాకులు, పోలీసు సైరన్లు, బూతులు. నాకు బాగా అర్థమైనవి బూతులే. అయినా ప్యాంటు కిందికి జార్చి, తల ఊపుతూ కారిడార్లో తిరిగేవాణ్ణి. మెస్‌లో చారు నీళ్లలా ఉందేమిటని అడిగే దమ్ము మాత్రం ఏనాడూ లేదు.

ఇప్పుడు ఆ ఆల్బమ్ గొప్పతనం మీద కుర్రకారు వ్యాసాలు రాస్తున్నారు. నేనేమో సింగపూర్‌లో, యీషున్ పేటలోని ఫ్లాట్‌లో, కింది ఇంటి ఆంటీ వచ్చి తలుపు కొడుతుందేమోనని ఇయర్‌ఫోన్స్‌లో వింటున్నాను.

పోయిన ఆదివారం మా అమ్మాయి, "ఓకే నాన్నా, నీ ఆల్బమ్ వింటా లా," అంది. ఈ ఊళ్లో ప్రతి మాటకీ ఆ 'లా' తోక ఉంటుంది. నా సంతోషం చెప్పలేను. టీనేజీ పిల్ల దగ్గర తండ్రికి పరువు దక్కడమంటే మాటలా!

ఇయర్‌ఫోన్స్ ఇచ్చి, చవక తిండి దుకాణాలన్నీ ఒకే కప్పు కింద ఉండే హాకర్ సెంటర్‌కి తీసుకెళ్లాను. టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేశాను. ఈ ఊళ్లో అది పెడితే ఆ చోటు మనదే. ఇద్దరం లైన్లో నిలబడి ట్రేలతో తిరిగొచ్చేసరికి, ఒక అంకుల్ నా ప్యాకెట్‌ను పక్కకు నెట్టేసి నూడుల్స్ తింటున్నాడు.

"ఎక్స్‌క్యూజ్ మీ అంకుల్..."

"వాట్?"

"సారీ అంకుల్. నథింగ్."

నా ప్యాకెట్ నేనే తీసి జేబులో పెట్టుకున్నాను. ఛీ, నా బతుకు! వీధులకు వీధులే తనవన్న వాడి పాటలు విని విని, ఒక ప్లాస్టిక్ కుర్చీ నాదనలేకపోయాను.

ట్రేలు పట్టుకుని స్తంభం పక్కన నిలబడ్డాం. మా అమ్మాయి వంక చూడటానికి మొహం చెల్లలేదు.

"హీ ఈజ్ సో స్కేర్డ్ లా," అంది, ఇంటి దగ్గర్నుంచీ పాటలు వింటూనే ఉన్న మా అమ్మాయి.

"నేనా?"

"నో లా, నీ సింగర్. ప్రతి పాటలో తలుపు వైపే చూస్తుంటాడు. నిద్ర కూడా పోడు. భయమేసే అరుస్తున్నాడు. నువ్వు మాటలు వినలేదా?"

వినలేదు. ఇన్నేళ్లూ డ్రమ్ము విన్నాను. ధైర్యం కోసం ఎవణ్ణి పట్టుకు వేలాడానో వాడికే గుండె దడ అన్నమాట.

"మరి నేను ధైర్యవంతుణ్ణని నువ్వు..."

"నాన్నా, ప్లీజ్ లా. నీకు భయమని నాకెప్పుడో తెలుసు."

నా జేబులోంచి ప్యాకెట్ లాగి, అప్పుడే ఖాళీ అయిన టేబుల్ మీద ఠపీమని పెట్టింది. ఒక ఇయర్‌ఫోన్ తీసి నా చెవిలో పెట్టింది.

"కూర్చో. ఎవరైనా వస్తే నేను మాట్లాడతా."

కూర్చున్నాను.