గుడ్ ఫ్రైడే నాడు తుంగకి లవంగనూనె

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. బందరులో కెమిస్ట్రీ డిగ్రీ అప్పుడే పూర్తయింది, ఉద్యోగం లేదు గానీ ఫోన్లో నెట్ ఉంది. ఈ రెండూ కలిస్తే మనిషి ఎంత ప్రమాదకరంగా తయారవుతాడో బంటుమిల్లి దగ్గర మా ఊరి చర్చి వాళ్లకి ఇప్పటికీ గుర్తే. ఆ ఏడు గుడ్ ఫ్రైడే ముందు చర్చి ఆవరణంతా తుంగ మొలిచింది. సంఘపెద్ద అయిన మా మావయ్య కలుపుమందు కొట్టిద్దామంటే, పిల్లలు ఆడుకునే చోట విషం వద్దని నేను అడ్డుపడ్డాను. "లవంగనూనె, దాల్చినచెక్క నూనె, వెనిగర్, కాస్త సబ్బునీళ్లు. అంతే మావయ్యా, పూర్తిగా సహజం," అన్నాను (వీడియోలో ఎవరో అన్న మాటే, గొంతు మాత్రం నాది). మావయ్య, "చావకపోతే ఆ తుంగంతా నీ చేత్తోనే పీకాలి మరి," అన్నాడు.

దాల్చిన నూనె ఆన్‌లైన్లో తెప్పించాను. గుడివాడ మందుల షాపులో లవంగనూనె సీసాలన్నీ ఇమ్మంటే షాపాయన జాలిగా, "ఇంట్లో అందరికీ పంటి నొప్పేనాండీ?" అని అడిగాడు. శుక్రవారం పొద్దున్నే స్ప్రేయరు భుజాన వేసుకుని, చెప్పిన దానికి రెట్టింపు మోతాదు కొట్టాను. పదకొండు గంటల ఎండకి తుంగ వాడి వేలాడిపోయింది. మావయ్య కూడా మెచ్చుకోలుగా తలాడించాడు. నా ఆనందం సరిగ్గా పన్నెండింటి దాకా నిలిచింది.

పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీది ఏడు మాటల ఆరాధన. అందరూ ఉపవాసం. తెరిచిన కిటికీల్లోంచి, ఎండకి వేడెక్కిన లవంగాల వాసనా దాల్చినచెక్క వాసనా చల్లగా లోపలికొచ్చి కూర్చున్నాయి. రెండో మాటకే ముందు వరుసలో ఓ పిల్ల, "అమ్మా, బిర్యానీ!" అంది. నాలుగో మాటకి మావయ్య, ఈ పూట పొయ్యి వెలిగించిందెవరో పట్టుకుందామని బయటికెళ్లి, ఎవరూ దొరక్క తిరిగొచ్చాడు. ఐదో మాట, "దప్పిగొనుచున్నాను" దగ్గర పాస్టరుగారే గుటక వేశారు. మైకు దాన్ని ఊరంతటికీ వినిపించింది. అప్పుడే నా పక్కన కూర్చున్న తాతయ్య నా చొక్కా వాసన చూసి, "ఒరేయ్, ఈ బిర్యానీ వాసన నీ దగ్గర్నుంచేంట్రా!" అన్నాడు. గుసగుసగా అన్నాననే అనుకున్నాడు పాపం (ఆయనకి చెముడు). అంతమంది ఆకలితో ఉన్నవాళ్లు ఒకేసారి నా వైపు తిరగడం నా జీవితంలో అదే మొదటిసారి.

ఆదివారం తెల్లవారుజామున ఈస్టరు ఆరాధనకి వెళ్తే, ఎండిన ఆకుల మధ్య తుంగ పచ్చగా సూదుల్లా లేచి నిలబడి ఉంది. నూనె మాడ్చింది పైనున్న ఆకుల్నే, నేలలో ఉన్న గడ్డల్ని ముట్టుకోనేలేదు. పాస్టరుగారు దాన్ని చూశారు, నన్ను చూశారు. "సరిగ్గా మూడో రోజునే లేచిందయ్యా," అని మెల్లగా అని, బైబిలు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు.

సోమవారం నుంచి నాలుగు రోజులు చిన్న పారతో తవ్వి గడ్డలు ఏరాను. మొదటి రోజే మావయ్య వచ్చి పక్కన గొంతుక్కూర్చుని, ఒక్క మాటా దెప్పకుండా తనూ ఏరాడు. మధ్యలో ఓసారి మట్టిచేయి వాసన చూసుకుని, "గుమగుమలాడుతుందిరా, భలే ఉంది," అన్నాడు.

ఇప్పుడు నేను పిల్లలకి కెమిస్ట్రీ చెప్తాను. ఏదైనా నాకు తెలుసనే ముందు రెండుసార్లు చదువుతాను, ఇంకొకర్ని అడుగుతాను. ఈలోపు చెప్పాల్సిన సందర్భం కాస్తా దాటిపోతుంది. ఏమీ తెలియకుండానే అంత ధీమాగా నడిచిన ఆ కుర్రాణ్ణి తల్చుకుంటే నవ్వొస్తుంది. కాస్త కుళ్లు కూడా వస్తుంది.