మినహాయింపు ఎరుగని దమయంతిగారు

దమయంతిగారి మరణవార్త నాకు స్కూలు చెప్పలేదు. స్కూలు బస్సు కండక్టరు చెప్పాడు. "మాస్టర్‌మోశాయ్, దమయంతి దీదీ వెళ్లిపోయారు. గుండెపోటట" అన్నాడు. నా కాలు ఒకటి మెట్టు మీద, ఒకటి రోడ్డు మీద ఉంది. లోపల కూర్చున్న టీచర్లందరికీ అప్పటికే తెలుసు. తెల్లవారుతూనే అందరికీ ఈమెయిలు పంపారట, నేను చూసుకోలేదు. ఆవిడ గదికి ఎదురుగదిలో ఇన్నేళ్లు పాఠాలు చెప్పినవాడికి ఫోను చేయాలని ఒక్కరికీ తోచలేదు. ఈ సంగతి ప్రిన్సిపాల్‌గారికి రాతపూర్వకంగా తెలియజేశాను. ఇంకా జవాబు రాలేదు. డ్రైవరు వెనక కిటికీ సీటు ఆవిడది. ఆ ఉదయం స్కూలు చేరేదాకా ఆ ఖాళీ సీటునే చూస్తూ కూర్చున్నాను. కళ్లు తుడుచుకోవాలన్న స్పృహ కూడా లేదు.

కలకత్తా తెలుగువారిలో చాలామందికి మా ఇంటర్నేషనల్ స్కూలు ప్రహరీగోడ మాత్రమే తెలుసు. లోపల జరిగే చదువు వేరు. పదకొండు, పన్నెండు తరగతులకు విదేశీ బోర్డు పరీక్ష. ఆరు సబ్జెక్టులు చదవాలి. వాటిలో మొదటిది మాతృభాషా సాహిత్యం. అవి కాక, సొంతంగా పరిశోధించి ఒక పెద్ద వ్యాసం రాయాలి. మనకు తెలిసిందనుకున్నది ఎలా తెలిసిందని ప్రశ్నించుకునే పాఠం ఒకటుంది. తరగతి బయట సమాజసేవ చేసి, ఏం చేశామో, ఏం నేర్చుకున్నామో చెప్పుకోవాలి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా డిప్లొమా రాదు, విడివిడి సబ్జెక్టులకు సర్టిఫికెట్లు మాత్రం వస్తాయి. ఈ చదువు మొత్తాన్ని నడిపించే కోఆర్డినేటరు దమయంతిగారు.

ఆవిడ కలకత్తా రేవు పక్కనున్న ఏక్‌బాల్‌పూర్‌లో పుట్టారు. తండ్రి శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి రేవులో క్రేను నడిపినవాడు, యూనియన్ మనిషి. ఇంగ్లీషు, బెంగాలీ ఆవిడ నోట ఆ భాషలవాళ్లే మెచ్చుకునేటంత చక్కగా పలికేవి. తెలుగు మాత్రం తండ్రి తెలుగే. నేను తెనాలివాణ్ణి. చేరిన కొత్తలో స్టాఫ్ రూములో ఒకసారి, "మీ 'ఏటి' మానెయ్యకూడదా అండీ, పిల్లలు నేర్చుకుంటారు" అన్నాను. ఆవిడ టీ కప్పు కింద పెట్టి, "ఏటి మాస్టారూ, మీ తెలుగు ఇస్త్రీ చేసిన చొక్కా. మాది ఉతికారేసిన చొక్కా. తొడుక్కుంటే రెండూ ఒంటిని కప్పుతాయి కదేటి?" అన్నారు. పక్కనున్న బెంగాలీ టీచర్లకు దాన్ని అనువదించి చెప్పి మరీ నవ్వించారు. ఆ నవ్విన వాళ్లెవరో నాకు ఇప్పటికీ గుర్తే.

ఈ ఊళ్లో బంద్‌లకు కొదవ లేదు. విదేశీ బోర్డుకు మాత్రం మన బంద్ సంగతి పట్టదు. ఏ దేశంలోనైనా ప్రశ్నపత్రం అదే రోజున విప్పాలి. ఒక ఏడాది సరిగ్గా నేను చెప్పే లెక్కల పరీక్ష నాడే బంద్ పిలుపు వచ్చింది. తల్లిదండ్రులు గగ్గోలు పెట్టారు. దమయంతిగారు ముందురోజు సాయంత్రమే పిల్లలందరినీ స్కూలుకు రప్పించి, లైబ్రరీలో చాపలు పరిపించి, కిచిడీ వండించారు. మర్నాడు పొద్దున్నే పార్టీ జెండాలు పట్టుకుని ఆ పేట కుర్రాళ్లు గేటు దగ్గరకు వచ్చారు.

"దీదీ, బంద్ నాడు స్కూలు నడుపుతున్నారా?" అన్నాడు ముందున్నవాడు.

"మా నాన్న రేవులో సమ్మెలు చేసిన మనిషి బాబూ. నేను బంద్‌కు అడ్డొస్తానా? ఈవేళ మా వాళ్లెవరూ బస్సెక్కలేదు, ట్యాక్సీ ఎక్కలేదు. పిల్లలు నిన్ననే వచ్చి పడుకున్నారు. నిద్ర లేచి పరీక్ష రాసుకుంటున్నారు. నిద్ర లేవడం కూడా బందేనా?" అన్నారు ఆవిడ బెంగాలీలో.

వాడు తల గోక్కున్నాడు. ఆవిడ వాళ్లందరికీ కిచిడీ పెట్టించారు. వాళ్లు గేటు బయటే కూర్చుని తిని, ఎవరూ గొడవ చేయకుండా మధ్యాహ్నం దాకా కాపలా కాశారు. ఆ ఏర్పాటుకు స్కూలు వార్షికోత్సవంలో చప్పట్లు కొట్టించుకున్నది అప్పటి ప్రిన్సిపాల్. దమయంతిగారి పేరు వేదిక మీద వినపడలేదు. ఆవిడ పట్టించుకోలేదు. పట్టించుకోవడం నా వంతు.

ఇక నా బాధ చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. మా అబ్బాయి రవి ఆ స్కూల్లోనే చదివాడు. సమాజసేవకు మెటియాబ్రుజ్‌లో దర్జీల పిల్లలకు సాయంత్రం పూట ఇంగ్లీషు చెప్పే పని ఎంచుకున్నాడు. కొన్నాళ్లు వెళ్లాడు. ఎండలు ముదిరాయి, పరీక్షలు దగ్గరపడ్డాయి, మానేశాడు. ఆరు సబ్జెక్టుల్లోనూ మంచి మార్కులు వచ్చాయి. సేవ పూర్తి కాలేదని దమయంతిగారు వాడి డిప్లొమా ఆపించారు. నేను ఆవిడ గదికి వెళ్లాను.

"తోటి టీచరు కొడుకండీ" అన్నాను.

"అందుకే మాస్టారూ. మీవోడికి వదిలీస్తే, రేపు ఎవులి పిల్లోడికి చెప్పగలను? ఆ దర్జీ పిల్లలు మీవోడి కోసం రోజూ గుమ్మంలో నిలబడ్డారట, తెల్దేటి మీకు?" అని, నియమావళి పుస్తకం తీసి, సంబంధించిన పేజీ నాకు చదివి వినిపించారు. ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నవాడికి, తరగతిలో పిల్లవాడికి చదివి వినిపించినట్టు.

రవి ఆ తర్వాత ఆర్నెల్లు మెటియాబ్రుజ్ వెళ్లి, మరుసటి ఏడు డిప్లొమా తీసుకున్నాడు. కాని తనతో చదివినవాళ్లు నల్లగౌన్లు వేసుకుని దిగిన గ్రూపు ఫోటో స్కూలు మెట్ల దగ్గర నేటికీ వేలాడుతోంది. అందులో మావాడు లేడు. నేను రోజూ ఆ మెట్లే ఎక్కుతాను. ఆ నియమావళి కాపీ ఒకటి ఇంటికి తెచ్చుకుని, ఎక్కడైనా ఆవిడ తప్పు దొరుకుతుందేమోనని మొదటి నుంచి చివరి దాకా కంఠస్థం చేశాను. దొరకలేదు. ఆవిడతో పని ఉంటే తప్ప మాట్లాడటం మానేశాను. ఆవిడ మాత్రం రోజూ బస్సెక్కగానే "బాగున్నారా మాస్టారూ?" అని అడగడం మానలేదు. ఆవిడ పోయిన రోజున రవి సాల్ట్ లేక్ ఆఫీసు నుంచి నేరుగా శ్మశానానికి వచ్చాడు. సెలవు ఇచ్చారా అని అడిగితే, "అడగలేదు నాన్నా" అన్నాడు.

ఇప్పుడు నీలవేణి గురించి చెప్పాలి. ఏక్‌బాల్‌పూర్ పిల్ల, రేవు లారీ డ్రైవరు కూతురు, మా స్కూల్లో ఉచిత సీటు మీద చదువుతోంది. పూర్తి డిప్లొమా తెస్తే ఫీజు లేకుండా చేర్చుకుంటామని ఒక కాలేజీ మాట ఇచ్చింది. మాతృభాషా సాహిత్యంగా తెలుగు తీసుకుంది. తెలుగుకు టీచరు లేకపోయినా, భాష తెలిసిన పెద్దవాళ్ల పర్యవేక్షణలో సొంతంగా చదువుకోవచ్చునని బోర్డు ఒప్పుకుంటుంది. ఆ పర్యవేక్షణ దమయంతిగారిదే. కాని ఆ పిల్లకు తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. మొదట్లో ఒకరోజు ఆ పిల్ల చేతిలో కాగితం చూసి నేను నిర్ఘాంతపోయాను. వాళ్ల అమ్మ చదివి వినిపిస్తుంటే తెలుగు కథను బెంగాలీ అక్షరాల్లో రాసుకుంది!

"ఇది తెలుగు చదవడమా? దొంగతనం" అన్నాను దమయంతిగారితో.

"ముందు లోపలికి రానీండి మాస్టారూ. వచ్చీసింతర్వాత పిల్లగుంటే అడుగుతాది, ఈ ఇంటికి సొంత తలుపు ఏదని" అన్నారు.

పూజా సెలవుల నాటికి నీలవేణి తెలుగు అక్షరాలు తనంతట తాను అడిగి నేర్చుకుంది. తడబడుతూనే, తెలుగు లిపిలోనే చదవసాగింది. ఇంకో నెలలో మౌఖిక పరీక్ష రికార్డింగు చేసి బోర్డుకు పంపాలనగా దమయంతిగారు పోయారు.

సంతాపసభ స్కూలు హాల్లో జరిగింది. రెండు నిమిషాల మౌనం అన్నారు. గడియారం ముల్లు ఒక్క చుట్టు పూర్తి కాకముందే కుర్చీలు కదిలాయి. ఇంగ్లీషులో మాట్లాడారు, బెంగాలీలో మాట్లాడారు. తెలుగులో ఒక్కమాట చెప్పమని నన్నెవరూ పిలవలేదు. 'తీరని లోటు' అని ప్రిన్సిపాల్‌గారు కళ్లజోడు తుడుచుకున్నారు. ఆ వారంలోనే నీలవేణిని పిలిచి, తెలుగు ఇక కుదరదని, డిప్లొమా వదులుకుని మిగతా సబ్జెక్టులకు సర్టిఫికెట్లు తీసుకోమని చెప్పారు. ఆ పిల్ల మెట్ల దగ్గర, మావాడు లేని ఆ ఫోటో కిందే నిలబడి ఏడుస్తోంది.

"ఏటి చేస్తాను సార్? అమ్మకి ఎలగ చెప్పను?" అంది.

నేను ప్రిన్సిపాల్ గదికి వెళ్లి, నీలవేణి తెలుగు నేను చూస్తానన్నాను.

"మీరు లెక్కల టీచరు కదా, దాదా" అన్నారు ప్రిన్సిపాల్‌గారు.

"పర్యవేక్షకుడు ఆ భాష తెలిసిన స్కూలు టీచరైతే చాలు, సాహిత్యం టీచరు కానక్కర్లేదు" అన్నాను.

"అలా ఎక్కడుంది?"

ఎక్కడుందో చెప్పాను. పేజీ చూడకుండా ఆ వాక్యం మొత్తం అప్పజెప్పాను. నా కొడుకు కోసం వెతికినప్పుడు అక్కరకు రాని పుస్తకం అది. ప్రిన్సిపాల్‌గారు పుస్తకం తెప్పించి, సరిచూసి, నన్ను పర్యవేక్షకుడిగా ఒప్పుకుంటూ సంతకం పెట్టారు.

మొన్న దమయంతిగారి గదిలోనే రికార్డింగు జరిగింది. నీలవేణి ఒక కథ గురించి మాట్లాడాలి. చేపల వేటకు వెళ్లిన మనిషి తిరిగిరాక, ఒడ్డున వల అల్లుతూ బతికే స్త్రీ కథ. బాగా మొదలుపెట్టి, సగంలో ఆగిపోయింది. పర్యవేక్షకుడు జవాబు అందించకూడదు, అడగడం మాత్రం అడగవచ్చు. రికార్డింగు నడుస్తోంది. నాకు ప్రశ్న తోచలేదు. ఇలాంటప్పుడు దమయంతిగారు ఏం చేసేవారో ఎదురుగదిలోంచి ఇన్నేళ్లూ విన్నాను.

"మరేటి?" అన్నాను.

తెనాలివాణ్ణి, ఆ మాట నా నోటి నుంచి ఎన్నడూ రాలేదు. పిల్ల తలెత్తి చూసింది. చెంపలు తుడుచుకుని, ఆ స్త్రీ వల ఎందుకు అల్లుతూనే ఉందో చివరిదాకా చెప్పింది.

రికార్డింగు అయ్యాక, బాగా చెప్పానా అని నన్ను అడగలేదు. దమయంతిగారి కుర్చీ వైపు చూసింది. నేను అందులో కూర్చోలేదు. స్టాఫ్ రూము నుంచి స్టూలు తెచ్చుకున్నాను.

స్కూలువారు ఆవిడ ఫోటోను మంచినీళ్ల యంత్రం పక్కన, వెలుతురు పడని గోడకు తగిలించారు. రెండు ఫిర్యాదులు రాశాను, మూడోది రాస్తాను. రవి విషయంలో ఆవిడ చేసినదాన్ని నేను ఇంకా ఒప్పుకోలేదు. ఏదో ఒకరోజు బస్సులో పక్కన కూర్చుని ఆ లెక్క తేల్చుకోవాలనుకున్నాను. నా వాదన అంతా సిద్ధంగా ఉంది. ఆవిడ ఎక్కడ అడ్డుపడతారో కూడా తెలుసు. నా కోపాన్ని ఓపిగ్గా విని, పుస్తకం తీసి జవాబు చెప్పే మనిషి ఈ ఊళ్లో ఒక్కరే ఉండేవారు. ఇక ఎవరికి చెప్పను? రోజూ బస్సెక్కుతూ ఆ కిటికీ సీటు వైపు తల వంచి, "బాగున్నానండీ" అంటున్నాను. అన్నేళ్లు ఆవిడ అడిగినా నేను ఇవ్వని జవాబు అది.