ఆరు శనివారాల ఠాణా

రాయ్‌పూర్‌లో ఇప్పుడు ఎవరినడిగినా ఆ సీరియల్ గురించి తెలియదంటారు. లోకల్ కేబుల్‌లో శనివారం సాయంత్రం అయిదున్నరకి వచ్చేది, చిన్న ఊరి పోలీసు ఠాణా, అందులో పనీపాటా లేని అయిదుగురు పోలీసులు, అని నేను గుర్తు చేయబోతే నాకేసి జాలిగా చూస్తారు. ఒక్కోసారి నాకే అనుమానం వస్తుంది, అది నిజంగా టీవీలో వచ్చిందా, లేక మే నెల మధ్యాహ్నాల్లో కూలర్ ముందు పడుకుని నేను కన్న కలా అని. అయితే ఆ ఠాణా లాకప్‌కి ఊచలు వెల్డింగ్ చేసినప్పుడు మా నాన్న ముంజేతి మీద పడ్డ మచ్చ ఇంకా ఉంది. కాబట్టి వచ్చే ఉంటుంది.

రాయ్‌పూర్ రాజధానిగా రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులు. మేం డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో రైల్వే క్వార్టర్‌లో ఉండేవాళ్లం. నాన్న వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాప్‌లో వెల్డర్. నోట్లో మాట నోట్లోనే ఉండిపోయే మనిషి. కూరలో ఉప్పు లేకపోయినా చెప్పడు, అన్నం కలుపుకుని తినేసి లేచిపోతాడు. అది మంచితనం అని ఊరంతా అనేది. నాకు మాత్రం ఒళ్లు మండేది, స్కూల్లో ఫీజు గుమాస్తా దగ్గర కూడా ఆయన బదులు నేనే మాట్లాడాల్సి వచ్చేది మరి.

ఊరవతల ఉర్లాలో ఖాళీగా పడున్న ఒక ఫ్యాక్టరీ షెడ్డులో సీరియల్ తీస్తున్నారనీ, లాకప్‌కి ఊచలు చేసే మనిషి కావాలనీ ఎవరో చెబితే ఒక ఆదివారం నాన్న వెళ్లాడు. సినిమా ఊచలు కదా, చెక్కకి రంగేసి పెట్టినా సరిపోయేది. నాన్నకి అలా పని చేయడం రాదు. వ్యాగన్ తలుపుకి చేసినంత గట్టిగా చేసి, తాళం కప్ప వేసి, లాగి చూసి మరీ ఇచ్చాడు. మొదటి రోజే ఇన్‌స్పెక్టర్ వేషం వేసినాయన అందులో ఇరుక్కుపోయి గంటసేపు కేకలు పెట్టాడట. నల్లకళ్లద్దాల డైరెక్టర్ పడీ పడీ నవ్వి, నాన్న మీసాల వంక చూసి, "మీరు కూడా ఉండిపోండి అంకుల్" అని ఖాకీ చొక్కా చేతిలో పెట్టాడట. అలా మా నాన్న హవల్దార్ అయ్యాడు.

నేను షూటింగ్ ఒక్కసారే చూశాను. బయట ఎండ కళ్లు పొడిచేస్తోంది. లోపల షెడ్డు మధ్యలో మూడు గోడల ఠాణా, బెంచీ, ఫైళ్లు, గోడకి గడియారం. నాలుగో గోడ ఉండాల్సిన చోట చీకట్లో తుప్పు పట్టిన ఇనప చుట్టలు. నేను ఆ గోడ అంచు పట్టుకుని ఒకసారి ఠాణాలోకీ ఒకసారి చీకట్లోకీ తొంగిచూస్తూ నిలబడ్డాను. ఇప్పటికీ కలలోకి వస్తుంది ఆ గోడ. కలలో దాని వెనక ఇనుము ఉండదు, మా కాలనీ వేపచెట్లుంటాయి, వాటి కింద నాన్న ఖాకీ చొక్కాలో నిలబడి ఉంటాడు.

సీరియల్ కథ పెద్దగా ఏమీ లేదు. ఆ ఊళ్లో నేరాలు జరగవు. ఒకే ఒక్క దొంగ ఉన్నాడు. వాడు కూడా రోజూ తనంతట తనే వచ్చి లొంగిపోతాడు, ఎందుకంటే ఊరంతటికీ కూలర్ ఉన్నది ఆ లాకప్‌లోనే. ఇన్‌స్పెక్టర్ పొద్దున్నే వాణ్ణి బయటికి గెంటేస్తాడు, ఎండ ముదిరేసరికి వాడు మళ్లీ హాజరు. నాన్న పని ఆ కూలర్‌లో నీళ్లు పోయడం. వారం వారం బకెట్‌తో వస్తాడు, నీళ్లు పోస్తాడు, వెళ్తాడు. మాట లేదు.

అయినా కాలనీలో హడావుడి అంతా ఇంతా కాదు. "హవల్దార్ సాబ్, నమస్తే" అని వర్క్‌షాప్ గేటు దగ్గర సెల్యూట్లు. పక్క క్వార్టర్ ఆవిడ తన సైకిల్ పోయిందని మా ఇంటికొచ్చి చెప్పుకుంది. నాన్న నిజంగానే వెతికి తెచ్చిచ్చాడు కూడా.

ఆ వేసవిలో నానమ్మ మా దగ్గరే ఉంది. ఆవిడకి చూపు దాదాపు పోయింది. ఎదురుగా మనిషి నిలబడితే అడ్డం వచ్చినట్టు తెలిసేది, అంతే. హిందీ ముక్క రాదు. శనివారం వర్క్‌షాప్ సగం రోజే కాబట్టి సీరియల్ టైముకి నాన్న స్నానం చేసొచ్చి నానమ్మ పక్కన చాప మీద కూర్చునేవాడు. అప్పుడు చూడాలి ఆయన్ని. ఇన్‌స్పెక్టర్ మాటలు, ఆయన పెళ్లాం ఫోన్లో తిట్లు, దొంగ బతిమాలుడు, అన్నీ సిక్కోలు తెలుగులో చెవిలో చెప్పేవాడు. ఇంట్లో పది మాటలు కూడా మాట్లాడని మనిషి! అమ్మ వంటింట్లోంచి గరిటె పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడిపోయేది. సీరియల్ కోసం కాదు, నాన్న గొంతు వినడానికి వచ్చేదని నాకు చాలా ఏళ్లకి గాని తట్టలేదు.

అయిపోగానే నానమ్మ గోడ పట్టుకుని లేచి, టీవీ దగ్గరికి వెళ్లి, వెచ్చగా ఉన్న దాని నెత్తి మీద అరచెయ్యి వేసి నిమిరి, రెండు చేతులూ కణతలకి ఆనించి మెటికలు విరిచేది. ఇంతమంది కళ్లు పడిన కొడుక్కి దిష్టి తీయకపోతే ఎలా? పక్కనే కొడుకు కూర్చుని ఉన్నాడు కదా, వాడికి తియ్యరాదా అంటే ఒప్పుకునేది కాదు. దిష్టి తగిలింది పెట్టెలో ఉన్నవాడికట.

ఆవిడకి ఉన్న బాధ ఒక్కటే.

"అందరూ మాటాడతన్నారు. మావోడి గొంతు రాదేటిరా ఆ పెట్లోంచి? ఆడికి నోరు లేదనుకోరేటి?"

"ఏడో వారం మాటాడతానమ్మా. సూటింగు కూడా అయిపోనాది."

"ఏటని?"

"సాబ్, చోర్ వాపస్ ఆ గయా, అని. అయ్యా, దొంగ మల్లీ వొచ్చీసినాడు, అని."

"అంతేనా?"

"అంతే."

"సాల్లే. ఆ మాట ఇనకుండా నానెక్కడికీ ఎల్లను."

అప్పటికే ఆవిడ విజయనగరంలో బాబాయి ఇంటికి వెళ్లాల్సింది. నాన్న రైల్వే పాస్ మీద తీసిన టికెట్ రెండుసార్లు రద్దు చేయించింది. నాన్న ఆ నాలుగు ముక్కలూ గడ్డం గీసుకుంటూ, సైకిల్ తుడుచుకుంటూ, రకరకాలుగా అనుకునేవాడు. షూటింగ్ అయిపోయిన డైలాగుకి మళ్లీ ప్రాక్టీసు ఎందుకో నాకర్థం కాలేదు. "ఫోర్‌మన్‌కి ఎదురు ఒక్క ముక్క చెప్పని మనిషి, ఇన్‌స్పెక్టర్‌కి రిపోర్టిస్తాడంట," అని అమ్మ ఆటపట్టించేది. ఆయన చెవులు ఎర్రబడేవి.

ఏడో శనివారం అయిదున్నరకి టీవీలో భజనలు వచ్చాయి.

ఎందుకు ఆగిపోయిందో ఎవరూ చెప్పలేదు. నాన్న సైకిలేసుకుని ఉర్లా వెళ్తే షెడ్డుకి తాళం. కిటికీలోంచి చూస్తే గోడలు లేవట, తను చేసిన లాకప్ మాత్రం మధ్యలో ఒంటరిగా నిలబడి ఉందట. నానమ్మతో కేబుల్ వైరు తెగిందని చెప్పాం. ఎనిమిదో శనివారం కూడా అదే చెప్పాం. బాబాయి ఉత్తరం మీద ఉత్తరం రాస్తున్నాడు, మూడో టికెట్ వచ్చే సోమవారానికి. ఆ వారమంతా నాన్న అన్నం సగంలో వదిలేసి లేచిపోయాడు. తల్లికిచ్చిన మాట పోయిందని, అది తన తప్పే అయినట్టు తిరిగాడు. ఆయన్ని అలా చూస్తే నాకు ఏడుపొచ్చేది.

ఉపాయం నాదే. మూడో వారం సీరియల్‌ని నేను టేప్‌రికార్డర్‌లో పట్టి పెట్టాను, పాటల క్యాసెట్ మీదే. అందులో దొంగ ఠాణా తలుపు కొట్టే చోటుంది. టేప్‌రికార్డర్ టీవీ స్టాండు కింద అరలో పెట్టి, సరిగ్గా అక్కడ నొక్కి ఆపితే, పక్క గది గుమ్మానికున్న కర్టెన్ వెనకనుంచి నాన్న తన డైలాగు చెప్తాడు. నేను మళ్లీ నొక్కుతాను. నానమ్మకి హిందీ రాదు, ఏ వారమైనా ఒకటే. నాన్న మొదట వద్దన్నాడు. తర్వాత, "గట్టిగా చెప్పాలా, మామూలుగానా?" అని నన్నే అడిగాడు.

శనివారం నాన్నకి ఓవర్‌టైమ్ ఉందన్నాం. నానమ్మ తల దువ్వించుకుని చాప మీద కూర్చుంది. నేను టేపు నొక్కాను. ఇన్‌స్పెక్టర్ ఫోన్, పెళ్లాం కేకలు, నేను తెలుగులో చెప్పుకుంటూ పోయాను, నాన్నంత బాగా రాలేదు. తలుపు చప్పుడైంది. ఆపాను. కర్టెన్ కదిలింది.

"సాబ్! చోర్ వాపస్ ఆ గయా!"

నాన్న అంత గట్టిగా మాట్లాడగా వినడం నా జీవితంలో అదే మొదటిసారి. వంటింటి గుమ్మంలో అమ్మ నవ్వు ఆపుకోవడానికి చీర కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. నేను టేపు మళ్లీ నొక్కాను. అంతా అనుకున్నట్టే జరిగింది.

నానమ్మ లేచింది. గోడ పట్టుకుని టీవీ దగ్గరికి నడిచింది. చెయ్యి చాచి దాని నెత్తి మీద వేసింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, టీవీ స్విచ్ వేయలేదని. కళ్లు కనిపించని ఆవిడకి బొమ్మ దేనికి, కరెంటు దండగ అని నేనే వద్దనుకున్నాను. చల్లటి పెట్టె మీద ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆ చెయ్యి కొంచెం పక్కకి జరిగి, మళ్లీ వెనక్కొచ్చి, వేడి కోసం వెతికింది.

తర్వాత నానమ్మ టీవీ నుంచి తిరిగి, నెమ్మదిగా, కర్టెన్ వైపు రెండడుగులు వేసింది. అక్కడ నిలబడి చేతులు కణతలకి ఆనించుకుని మెటికలు విరిచింది. ఎప్పుడూ లేనంత చప్పుడుతో పది వేళ్ల మెటికలూ విరిగాయి.

"గట్టిగా సెప్పినావురా నాయనా," అంది. "ఇంక నాను ఎల్తాను."

కాసేపటికి నాన్న పెరటి దారిన చుట్టూ తిరిగి వీధి గుమ్మంలోకొచ్చి, ఓవర్‌టైమ్ నుంచి వచ్చినట్టు చెప్పులు విప్పాడు. సోమవారం నానమ్మని విశాఖ బండి ఎక్కించాం. ఆవిడ మళ్లీ రాయ్‌పూర్ రాలేదు, మరుసటేడు విజయనగరంలోనే పోయింది.

నాన్న రిటైరై చాలా కాలమైంది. ఇప్పటికీ ఏడాదికోసారైనా, టీ తాగుతూనో పేపరు మడుస్తూనో అడుగుతాడు, "ఆవేళ అమ్మకి తెలీలేదు కదూ?" అని. తెలియలేదు నాన్నా, అంటాను. ఆయన కర్టెన్ వెనక ఉన్నాడు, పెట్టె మీద వెతికిన ఆ చెయ్యి చూడలేదు, ఆవిడ మాటా మెటికల చప్పుడూ మాత్రం విన్నాడు. స్విచ్ మర్చిపోయినందుకు చిన్నప్పుడు చాలా రోజులు నన్ను నేను తిట్టుకున్నాను. ఇప్పుడు తిట్టుకోను. నేను స్విచ్ వేసి ఉంటే ఆవిడ పెట్టెకే దిష్టి తీసి కూర్చునేది.