కోత పండుగకు తెచ్చే చేతులు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, మా నాన్న అక్కుపల్లిలో వల వేసి బతికిన మనిషి, తుఫాను గాలికి భయపడనివాడు సూదికి భయపడ్డాడు. తొంభైల చివర్లో మా ఉద్దానం ఊళ్ళలో ఎన్నో ఇళ్ళకు వచ్చినట్టే మా ఇంటికీ కిడ్నీ జబ్బు వచ్చింది. పాదాలు వాచాయి, అన్నం సహించలేదు, పరీక్షకు వెళ్ళిన ప్రతిసారీ నరం దొరక్క ఈ చేయీ ఆ చేయీ పొడిచి పొడిచి, చివరికి ఒకరోజు ఆయన లుంగీ సర్దుకుని లేచి వచ్చేశాడు.

"ఇక నన్నెవర్నీ పొడవనివ్వకు. నువ్వు పుత్తకాలు సదువుతావు కదే, నువ్వే నేర్సుకొచ్చి తియ్యి, అప్పుడిత్తాను సెయ్యి" అన్నాడు.

రక్తపరీక్ష లేనిదే డాక్టరు మందు మార్చరు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను బయలుదేరాను.

నేను అంతకు కొన్నేళ్ళ ముందే పదో తరగతి తప్పి బడి మానేసినదాన్ని. పలాసలో పిన్ని ఇంట్లో ఉండి జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్తూ, సాయంత్రాలు గ్రంథాలయంలో తలుపులు వేసేదాకా కూర్చునేదాన్ని. నవలలు అయిపోయాక చరిత్ర, చరిత్ర అయిపోయాక శరీరశాస్త్రం చదివాను, అలా చదువుతూనే పదీ ఇంటరూ ప్రైవేటుగా కట్టి అప్పటికే పాసై ఉన్నాను. ఆ చదువుతోనే టెక్కలి దగ్గర ఒక మిషను ఆసుపత్రివారి ల్యాబ్ టెక్నీషియన్ బడిలో సీటు దొరికింది. క్లాసులో మేడమ్ ప్రశ్న పూర్తి చేయకముందే జవాబు చెప్పేదాన్ని. దానికి నాకు గర్వంగా ఉండేది, ఇప్పటికీ కొంచెం ఉంది, ప్రభువు క్షమించును గాక.

కానీ పుస్తకంలో సిరలు నీలిరంగులో గీసి ఉంటాయి, మనిషి చేతిలో అలా ఉండవు. సిరంజి పట్టుకుంటే నాకు మా నాన్న చేయి కనబడేది, వేళ్ళు వణికేవి. తోటి పిల్లలు నాకు చేయి ఇవ్వడం మానేశారు. "కోత పండుగకు పాత విద్యార్థులు వస్తారు. ఆ రోజు కూడా చేయి నిలవకపోతే వేరే దారి చూసుకో అమ్మా" అని మేడమ్ మెల్లగానే చెప్పారు. వణికే చేతికి రోగిని ఎవరు అప్పగిస్తారు? అప్పటికే అలసిపోయిన నేను, పండుగ కాగానే వెళ్ళిపోదామని బట్టలు పెట్టెలో సర్దేసుకున్నాను.

కోత పండుగకు మన సంఘాల్లో బియ్యం, కొబ్బరికాయలు, జీడిపిక్కలు కానుకగా తెస్తాం కదా, ఆ బడిలో చదివి ఉద్యోగాల్లో స్థిరపడినవాళ్ళు అవీ తెస్తారు, ఆరాధన అయ్యాక ల్యాబులో బల్లల ముందు కూర్చుని, చొక్కా చేతులు పైకి మడిచి, కొత్త పిల్లలు సూది నేర్చుకోవడానికి తమ చేతులు కూడా ఇస్తారు. ఒకప్పుడు వాళ్ళకూ ఎవరో అలా చేయి ఇచ్చారు.

ఆ రోజు నా ముందు నందిగాంలో పనిచేసే దానియేలన్న కూర్చున్నాడు. ఉబ్బిన మొహం, నల్లబడిన చర్మం చూడగానే తెలిసింది, మా నాన్న జబ్బే. మేడమ్ వద్దంటే ఆయన నవ్వాడు.

"ఈ వారం నా రక్తం ఎలాగూ పరీక్షకి తియ్యాల మేడమ్, ఎవులు తీత్తే ఏటి? మంచి సేతుల మీదే నేర్సుకుంటే రేపు ఉద్దానంలో ఏటి సేత్తారు వీళ్ళు?" అని నా వైపు తిరిగి, "మోసేతి కాడ వద్దు, ఆ నరాలు రేపు డయాలిసిస్‌కి దాసుకోవాల. సెయ్యి ఎనకాల సూడు" అన్నాడు.

పొడిచాను. నరం తప్పింది. ఆయన చేయి లాక్కోలేదు.

"ఏటే గుంటా, రక్తం నాది, భయం నీదా?"

అందరూ నవ్వారు, నేను ఏడ్చాను. "ఏడుపు తర్వాత. కళ్ళతో కాదు, ఏలితో ఎతుకు" అన్నాడు.

మా ఇంట్లో అందరం గంగమ్మకు మొక్కేవాళ్ళం, ఆ బడిలో రోజూ విన్న నామాన్ని నేను నోరారా పిలిచింది ఆ క్షణానే. "యేసయ్యా, నాకు తెలిసినదంతా పుస్తకాల్లోది. నా చేయి నువ్వు పట్టుకో. ఈ అన్నను నా వల్ల మళ్ళీ నొప్పించకు. మా నాన్న ఎదురు చూస్తున్నాడు." కళ్ళు మూసుకునే తడిమాను. నీటి అడుగున వలతాడు తగిలినట్టు వేలి కింద సన్నగా ఏదో తగిలింది. కళ్ళు తెరిచి సూది పెట్టాను, సిరంజిలోకి రక్తం వచ్చింది. ఆ వణుకు ఆ రోజుతో పోయింది, దేవునికే మహిమ.

చదువు ముగించుకుని ఇంటికి వెళ్ళాక నాన్న మొహం గోడవైపు తిప్పుకుని చేయి ఇచ్చాడు. కాసేపటికి "అయిపోనాదేటి?" అన్నాడు. అయిపోయింది నాన్నా అన్నాను. "తెలీనేదే" అన్నాడు. మళ్ళీ పరీక్షలు జరిగాయి, మందులు మారాయి, ఆయన కొంతకాలం గడపలో కూర్చుని వలలు అల్లాడు.

స్వస్థత వచ్చిందని నేను అబద్ధం చెప్పను. నాన్న వెళ్ళిపోయాడు, దానియేలన్న కూడా వెళ్ళిపోయాడు. ఇప్పుడు వజ్రపుకొత్తూరు ఆసుపత్రి ల్యాబులో పొద్దున్నించీ వాచిన చేతులే చూస్తాను, ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగదు. అయినా ఏటా సెలవు పెట్టి ఆ బడికి ఎందుకు వెళ్తావని మీరడిగారు. స్తోమత ఉన్న పాత విద్యార్థులు మైక్రోస్కోపులు, ఫ్యాన్లు ఇస్తారు, దేవుడు వారిని దీవించును గాక. నేను నా చేయి తీసుకువెళ్తాను. కిందటేడు నా ముందు కూర్చున్న పిల్ల నరం తప్పి ఏడ్చింది, వాళ్ళింట్లోనూ జబ్బు మనిషి ఉన్నాడట. ఏడుపు తర్వాత అన్నాను. చేయి అక్కడే ఉంచాను.

సహోదరులారా, ప్రభువు నా వణుకు తీసేశాడు, నా అలసట తీసేయలేదు, దాన్ని నాతో కలిసి మోస్తున్నాడు. అందుకు ఆయనకు వందనాలు. మీలో ఎవరి చేయి వణుకుతున్నా ఆయన చేతిలో పెట్టండి. మేకు దిగినా వెనక్కి తీసుకోని చేయి అది.