తాతగారి కారుకు కొత్త పైపులు

మా ముత్తాత పన్నెండు ఊళ్లకు దేశ్‌ముఖ్. ఆయన ఊరు దాటితే ముందొకరు, వెనక ఇద్దరు గుర్రాల మీద వెళ్లేవారట. మా తాత గుర్రం దిగి నల్ల కారెక్కాడు. నేను సిద్దిపేటలో రెండు గదుల ఇంట్లో ఉంటున్నాను. కారు పక్కనే రేకుల షెడ్డులో ఉంది.

నా పిల్లలిద్దరూ అక్షరాభ్యాసానికి వర్గల్ సరస్వతమ్మ గుడికి ఆ కారులోనే వెళ్లారు. ఈ వసంత పంచమికి మనవరాలి వంతు. దేశ్‌ముఖ్ ఇంటి పిల్లను కిరాయి కారులో పంపడం నా వల్ల కాదు.

పండుగకు పది రోజుల ముందు మెకానిక్‌ను పిలిచాను. పెట్రోలు వచ్చే రబ్బరు పైపును ఒత్తి చూశాడు. వేళ్లకు నల్లగా అంటింది.

"ఏంది దొరా, ఇది పైపా, పాకంల నానిన జిలేబా?"

"మొన్నటిదాకా బాగానే ఉందయ్యా."

"గిప్పటి పెట్రోల్ల ఇథనాల్ కలుపుతున్నరు. అంటే సారానే. మీ పైపులకు తాగుడు అలవాటు లేకపాయె. దానికి ఆగే కొత్త రకం పైపులు దొరుకుతయి, ఏస్త."

బజారు పైపులు వద్దన్నాను. తాతగారు కారుతో పాటు తెప్పించి, విప్పకుండా దాచిన అసలు పైపులు నా దగ్గరున్నాయి. వాటిని పట్టుబట్టి వేయించాను.

"మీ ఇష్టం దొరా. మల్ల నన్ను అనొద్దు," అన్నాడతను.

పండుగ ముందురోజు పొద్దున మనవరాలు షెడ్డులోంచి పరుగెత్తుకొచ్చింది.

"తాతా, కారు సుస్సు పోసింది."

కారు కింద పెట్రోలు మడుగు. అరవై ఏళ్లు దాచిన పైపు పది రోజులు తిరగకుండానే పగిలింది. ఇంజను వేడి మీద కారి ఉంటే ఏమయ్యేదో తలుచుకుని, వెళ్లి మెకానిక్ ముందు నిలబడ్డాను. క్షమాపణ అడగడం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. "కొత్తవే వెయ్యి," అన్నాను.

"గా మాట మొన్ననే అంటే అయిపోతుండె గద దొరా," అని నవ్వి పానా అందుకున్నాడు. పైపులతో పాటు లోపలి రబ్బర్లూ మెత్తబడ్డాయని పంపు, కార్బురేటరు కూడా మార్చాడు.

మరునాడు వర్గల్ దాకా కారు ఎక్కడా ఆగలేదు. దారిలో పిల్ల వెనక సీట్లో నా ఒళ్లో నిలబడి ఎదురొచ్చిన ప్రతి లారీకీ చెయ్యి ఊపింది. గుడిలో బియ్యంలో 'ఓం' రాయమంటే కారు బొమ్మ గీసింది.

ఆ మరమ్మతు కోసం మా తాతగారు తమలపాకులు పెట్టుకున్న వెండి పాన్‌దాన్ అమ్మాను.