మందం చూసి కొన్న వినైల్

2017 ఏప్రిల్‌లో మా కంపెనీ నన్ను మహబూబ్‌నగర్ లైన్‌కు వేసింది. హైదరాబాద్‌లో వినైల్ రోళ్లు అమ్మే సంస్థ మాది. అందులో నేను టెక్నికల్ ఆఫీసర్‌ని. హోదా పేరు ఘనంగా ఉంటుంది గానీ పని ఒకటే: కొత్తగా డిజిటల్ ప్రింటింగ్ పెట్టుకున్న బోర్డుల షాపులకు వెళ్లి, ఏ పనికి ఏ వినైల్ వాడాలో చెప్పడం. వినైల్ అంటే వెనక జిగురు ఉండే ప్లాస్టిక్ పొర, దాని మీద ప్రింటు వేస్తారు. జనం దాన్నే స్టిక్కర్ అంటారు. నేను సిఫారసు వరకే చేయగలను, ఆర్డరు రాసే అధికారం మా ఏరియా మేనేజర్‌ది. వినైల్ గురించి ఆ మహానుభావుడికి తెలిసిందల్లా గోదాములో ఏ సరుకు అమ్ముడుపోకుండా మిగిలిందన్న సంగతి ఒక్కటే.

ఆ లైన్‌లో నా మొదటి షాపు కోస్గిలో అంజయ్యది. చుట్టుపక్కల ఊళ్లలో బోర్డులు చాలావరకు ఆయన కుంచెతో రాసినవే. ప్రతి బోర్డుకూ కింద మూలన ‘అంజయ్య, కోస్గి’ అని చిన్న అక్షరాల్లో పేరు ఉండేది. ఆ ఏడు ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. చెయ్యి వణికే పెయింటర్‌ని ఎవరూ పిలవరు. అందుకని ప్రింటింగ్ మిషన్ కొన్నాడు, బిడ్డ స్వరూప కంప్యూటర్ మీద డిజైన్లు చేసేది. మొదటి పెద్ద పనిగా ఒక ప్రైవేటు స్కూలు బస్సులు ఐదు దొరికాయి. ఆ స్టిక్కర్లు నిలబడితే బండ్ల పనులన్నీ ఈయన దగ్గరికే వస్తాయి. ఊడిపోతే అంజయ్య పేరు అక్కడితో పోతుంది, మళ్లీ కుంచె పట్టుకుందామన్నా చెయ్యి లేదు.

నేను రెండు నమూనాలు తీశాను. ఒకటి వేడి ప్లాస్టిక్‌ను రోలర్ల మధ్య నొక్కి, సాగదీసి చేసేది. మందంగా ఉంటుంది, చవక. గోడ బోర్డుకు, గది లోపలి పనికి దానికి వంక పెట్టలేం. కానీ సాగదీసిన సరుకు గనక ఎండ తగిలితే మళ్లీ ముడుచుకోవాలని చూస్తుంది. రెండోది కాస్ట్ వినైల్, ద్రవంగా పోసి ఆరబెట్టి చేసేది. మొదటిదానిలో సగం మందమే ఉంటుంది. బస్సు రేకు గాడుల్లోకి, రివెట్ల మీదికి ఒదిగి అక్కడే ఉండిపోతుంది.

చిక్కంతా ఆ మందంతోనే. మన దగ్గర వినైల్ కొనేవాళ్లు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూస్తారు, పెళ్లిబట్టలు బేరం చేస్తున్నట్టు. మందంగా తగిలితే మంచి సరుకు, పల్చగా తగిలితే మోసం. నా ఉద్యోగమంతా ఆ రెండు వేళ్లతో తగువు పెట్టుకోవడానికే సరిపోయింది.

అంజయ్య కూడా అట్లాగే నలిపాడు. “సారూ, గిది ఉల్లిపొర లెక్కున్నది. బస్సు మీద ఆగుతదా?” అన్నాడు. నేను వాదనకు దిగలేదు. స్కూలు బస్సు ఒకదాని రేకును స్పిరిట్‌తో తుడిచి, పొద్దున్నే ఒకే గాడి మీద రెండు ముక్కలూ అంటించి ఎండలో వదిలేశాను. సాయంత్రానికి మందపు ముక్క గాడి మీద ఉబ్బి, అంచులు చుట్టుకుంది. పల్చటిది గాడి అడుగు దాకా అతుక్కునే ఉంది. అంజయ్య దాన్ని గోటితో గీకి చూసి తల ఊపాడు.

స్కూలు కరస్పాండెంట్‌కు మాత్రం ఎక్కలేదు. పిల్లలకు సైన్సు నేర్పిస్తామని ఊరంతా ఫ్లెక్సీలు కట్టించిన మనిషి, కళ్లెదుట లేచిన అంచును చూడనైనా చూడలేదు. నా చేతిలోని నమూనాలు లాక్కొని వేళ్ల మధ్య నలిపాడు. “గింత పల్చటిది అంటగట్టి మమ్ముల ముంచుతరా?” అన్నాడు. ఆర్డరు రాయడానికి వచ్చిన మా మేనేజర్ పక్కనే నిలబడి కస్టమర్ మాటే కరెక్టన్నాడు. మందపు రోళ్లు గోదాములో దుమ్ముపట్టి ఉన్నాయని నాకు తెలుసు. మరి ఎండ సంగతేమిటని అడిగితే, అంటించేటప్పుడు హీట్ గన్‌తో ఇంకాస్త వేడి కొట్టమన్నాడు. పాలమూరు ఎండ అంతకంటే పెద్ద హీట్ గన్ అని ఆయనకు తట్టలేదు.

ఆర్డరు మందపుదానికే రాశారు. డెమో కోసం ఇచ్చిన కాస్ట్ రోలు నా కారులో ఒక బస్సుకు సరిపడా ఉంది. దాన్ని ఉచితంగా వేస్తామంటే కరస్పాండెంట్ ఒప్పుకున్నాడు, అదీ పల్లెలకు తిరిగే డొక్కు బస్సుకు. ఉచితమనేసరికి ఆ వేళ్లకు మందం గుర్తురాలేదు.

ప్రింటు వేసిన వినైల్‌ను ఒక రోజు ఆరనిచ్చి, ఆ తర్వాతే పైన లామినేషన్ అనే పారదర్శక పొర వేయాలి. లేకపోతే లోపల మిగిలిన ఇంకు తడి జిగురును చెడగొడుతుంది. అంజయ్య ఐదు బస్సులకూ ఆ పద్ధతి తప్పలేదు. కానీ చివర్లో డొక్కు బస్సు మూలన మాత్రమే తన పేరు వేశాడు. పబ్లిసిటీ పోతుందని, అన్నిటికీ వేయమని మేనేజర్ పట్టుబట్టాడు. “ఆగేదాని మీదనే నా పేరుంటది సార్. కడమ నాలుగింటి మీద మీ కంపెనీ పేరు రాసుకోన్రి,” అన్నాడు అంజయ్య. మేనేజర్ రాయించుకోలేదు.

దసరా ముందు మళ్లీ వెళ్లాను. నాలుగు కొత్త బస్సుల మీద అక్షరాలు గాడుల దగ్గర చీలి, అంచులు లేచి ఉన్నాయి. పిల్లలు వాటిని పీక్కుంటూ బస్సు ఎక్కుతున్నారు. డొక్కు బస్సు మీద ఒక్క అక్షరం కదల్లేదు. నన్ను గుర్తుపట్టని కరస్పాండెంట్, పక్కన నలుగురు వింటుండగా నాకే చెప్పాడు: “గా పాత బస్సుది నేనే సెలెక్ట్ చేసి అంజయ్యతోని ఏయించిన. గీ నాలుగు హైదరాబాదోళ్లు చేసి ఖరాబు చేసిర్రు.” ఆ నాలుగింటి మీదా ఎవరి పేరూ లేదు గనక ఎవరూ కాదనలేదు. ఆ అబద్ధం అంజయ్యకు మేలే చేస్తోంది, అందుకని నేనూ నోరు మెదపలేదు. షాపు దగ్గరికి వెళ్తే అక్కడ రెండు పాల వ్యాన్లు ఆగి ఉన్నాయి. డొక్కు బస్సుకు వేసిందే తమకూ వేయాలని డ్రైవర్లు స్వరూపను అడుగుతున్నారు.

గోదాము ఖాళీ చేసినందుకు మేనేజర్‌కు ఆ ఏడు ప్రమోషన్ వచ్చింది. నేను అదే హోదాలో రిటైరయ్యాను. కోస్గిలో నాకు తెలిసొచ్చిందేమిటంటే, కొనేవాడి చేతికి నమూనా ఇవ్వకూడదు. పొద్దున్నే గాడి చూసి బండి మీద అంటించి, సాయంత్రం వచ్చి చూసుకోమనాలి. ఆ తర్వాత ఏ షాపుకు వెళ్లినా నా నమూనాల ఫైలును కారులోనే పెట్టి తాళం వేసేవాణ్ణి.